ఉయ్యాల లయకి ఆల్బం: బాలింత గొంతుతో ఇంట్లోనే పాటలు రికార్డు చేసుకునే పద్ధతి

కొత్తగా తల్లయిన గాయని ఆ అనుభవం మీద పాటల ఆల్బం చేస్తానంటే చుట్టూ ఉన్నవాళ్లు చెప్పే మాట ఒకటే: "బిడ్డ కాస్త ఎదగనీ అమ్మా, ఏడాది పోయాక చూద్దువుగాని." ప్రేమతో చెప్పే మాటే, కాని ఈ విషయంలో మంచి సలహా కాదు. ఏడాదికి గొంతు తేరుకుంటుంది, నిద్ర కుదురుతుంది, స్టూడియోకి వెళ్లే వీలూ చిక్కుతుంది. రాత్రి రెండింటికి బిడ్డని భుజాన వేసుకుని తీసిన కూనిరాగం మాత్రం అప్పటికి గుర్తుండదు. ఈ పాటలు పుట్టిన నెలల్లోనే, పుట్టిన ఇంట్లోనే రికార్డు కావాలి. అది వీలయ్యే పనే. వేగం ఉయ్యాలని చూసి, వేళ బిడ్డ పాలని చూసి, శ్రుతి తల్లి ఊపిరిని చూసి నిర్ణయించాలి. మైకులూ ల్యాప్‌టాప్‌లూ ఆ మూడింటికీ లోబడి ఉండాలి.

కోనసీమలోగాని, భీమవరం, పాలకొల్లు వైపుగాని తొలికాన్పుకి పుట్టింటికి రావడం ఇప్పటికీ మామూలే. మూడో నెలలోనో అయిదో నెలలోనో అత్తారింటికి పంపుతారు. అదే మీ గడువు. అమ్మమ్మ గొంతు, దూలానికి కట్టిన చీర ఉయ్యాల, బిడ్డని ఎత్తుకునే పిన్నులు, అన్నీ ఒక్కచోట దొరికేది ఆ కొన్ని నెలలే.

మొదటి ఆరు వారాలు

మైకు ముట్టుకోవద్దు. సిజేరియన్ అయితే నిండా ఊపిరి తీసి పాడటానికి డాక్టరు సరే అనేదాకా ఆగాలి. ఈ వారాల్లో పని ఫోన్‌తోనే. పాలిస్తున్నప్పుడు, పడుకోబెడుతున్నప్పుడు అనుకోకుండా నోట్లోంచి వచ్చే రాగాన్ని వాయిస్ రికార్డర్‌లో పెట్టుకోండి. ఒక్కోటి ముప్ఫై సెకన్లున్నా చాలు. ఫైలు పేరులో తేదీ, బిడ్డ వయసు రోజుల్లో రాయండి: "23వ రోజు, రాత్రి" అని. నెల తిరిగేసరికి ముప్ఫై నలభై ముక్కలు పోగవుతాయి. వాటిలో మీకు తెలియకుండానే మూడు నాలుగుసార్లు తిరిగొచ్చిన వరస ఒకటో రెండో ఉంటాయి. అవే మీ ఆల్బం పల్లవులు. కూర్చుని కొత్తగా కట్టిన వరస కంటే అవి గట్టివి, ఎందుకంటే బిడ్డ అప్పటికే వాటికి నిద్రపోయి చూపించింది.

ఇంట్లో, వీధిలో పెద్దవాళ్ల దగ్గరున్న లాలిపాటలు, జోలపాటలు, నీళ్లుపోసే పాటలు కూడా ఈ వారాల్లోనే పోగేయాలి. ఇక్కడ ఒక కిటుకుంది. పక్కింటి మామ్మగారిని కుర్చీలో కూర్చోబెట్టి, ఫోన్ ముందు పెట్టి "పాడండి మామ్మగారూ" అంటే రెండు చరణాల దగ్గర ఆగిపోతారు. అదే ఉయ్యాల తాడు చేతికిచ్చి బిడ్డని ఊపమనండి, మరిచిపోయామనుకున్న చరణాలు వాటంతటవే వస్తాయి. ఆ పాట చేతి కదలికతో కలిసి గుర్తుంటుంది. మధ్యలో ఆపి అర్థాలు అడగొద్దు. అంతా అయ్యాక అడగండి. మర్నాడు మళ్లీ పాడించండి. రెండుసార్లకీ మాటలు తేడాగా వస్తే రెండూ రాసుకోండి.

పాత పాటల్లో మగబిడ్డనే కోరే చరణాలు చాలా ఉంటాయి. ఆడపిల్ల ఉయ్యాలలో ఉండగా వాటిని అలాగే పాడాల్సిన పనిలేదు. చరణం వదిలేయొచ్చు, మాట మార్చొచ్చు. మారిస్తే ఆల్బం వివరాల్లో "సంప్రదాయ గీతం, కొన్ని మాటలు మార్చాం" అని రాయాలి, ఎవరి నోట విన్నారో వాళ్లు ఒప్పుకుంటే వాళ్ల పేరూ వేయాలి. మీ ఊళ్లో దొరకని పాటలకి నేదునూరి గంగాధరం గారిలాంటి వాళ్లు ఈ ప్రాంతంలోనే తిరిగి సేకరించిన జానపద గేయాల సంపుటాలున్నాయి. రాజమహేంద్రవరం గౌతమీ గ్రంథాలయంలాంటి పాత గ్రంథాలయాల్లో అడిగి చూడొచ్చు.

ఆల్బం ఎక్కడ ఆగాలి

నవ్వితే నువ్వుండలు, బోర్లా పడితే బొబ్బట్లు, అడుగులకి అరిసెలు, పలుకులకి చిలకలు పంచుతాం కదా. ఆల్బంకి ఇంతకంటే మంచి వరస లేదు. కాని ఒక హద్దు పెట్టుకోండి. బిడ్డ తల్లిని చూసి నవ్వేది రెండో నెలలో, బోర్లా పడేది నాలుగైదు నెలలకి, అడుగులూ పలుకులూ దాదాపు ఏడాదికి. అయిదో నెలలోపు రికార్డు చేసే ఆల్బంలో అరిసెల పాట పెడితే అది ఊహించి రాసిన పాటే అవుతుంది, పక్కనున్న నిజమైన పాటల మధ్య తేలిపోతుంది. బొబ్బట్ల దగ్గర ఆపండి, లేదా నువ్వుండల దగ్గరే. అరిసెలు రెండో ఆల్బంకి ఉంచుకోవచ్చు.

ఏడు పాటలు, 28 నిమిషాలు సరిపోతుంది. ఒక కూర్పు ఇలా ఉండొచ్చు: మాటల్లేని కూనిరాగం 2 నిమిషాలు, పాలిచ్చే పాట 4, బారసాల పాట అమ్మమ్మ గొంతుతో 3, నీళ్లుపోసే పాట 3, నవ్వు పాట 4, రాత్రి రెండింటి పాట 5, చివర పొడుగు జోల 7. హుషారైన నీళ్లుపోసే పాట నడిమధ్యన ఉంది చూడండి, దాని తర్వాత వేగం తగ్గుతూనే పోవాలి. జోల తర్వాత మళ్లీ గజ్జెల పాట వచ్చిందంటే, అప్పుడే నిద్రపోయిన బిడ్డ లేస్తుంది. ఆ ఇంట్లో ఆ ఆల్బం మరి పెట్టరు.

రాత్రి రెండింటి పాట బిడ్డ కోసం కాదు, తల్లుల కోసం. అలసట, పాలు సరిపోతున్నాయా అన్న బెంగ, కారణం తెలియని ఏడుపు, "నేను సరిగ్గా చేస్తున్నానా" అన్న అనుమానం, ఇవి రాయడానికి వెనకాడొద్దు. అమ్మంటే దేవత అన్న పాటలు ఇప్పటికే చాలా ఉన్నాయి. నడికట్టు బిగింపు, వెల్లుల్లి కారం ముద్ద, తడిసిన జాకెట్టు, సాంబ్రాణి వాసన, ఉగ్గుగిన్నె అంచు, అరికాలి దిష్టిచుక్క ఉన్న పాటలు తక్కువ. ఒక్కో పాటలో ఇంట్లో చేతికి తగిలే వస్తువు ఒక్కటైనా ఉండేలా రాసి చూడండి. ఒక జాగ్రత్త మాత్రం మరిచిపోవద్దు: కాన్పయ్యాక మొదటి రెండు వారాలు ఊరికే కన్నీళ్లు రావడం చాలామందికి ఉంటుంది. ఆ దిగులు రెండు వారాలు దాటినా తగ్గకపోతే, బిడ్డ మీద మనసు పోకపోతే, అది పాటతో తీరేది కాదు. డాక్టరుకి చెప్పాలి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య సేవ టెలీమానస్‌కి ఫోన్ చేసి, 14416 నంబరులో రాత్రీ పగలూ తెలుగులోనే మాట్లాడొచ్చు.

శ్రుతి, రాగం

కడుపు కండరాలు సాగి ఉంటాయి కాబట్టి ఊపిరిని కిందనుంచి నిలబెట్టే బలం తగ్గుతుంది. పాలివ్వడంతో ఒంట్లో నీరు తగ్గి గొంతు త్వరగా ఎండుతుంది. నిద్రలేమి సరేసరి. అందుకని కాన్పుకి ముందు 5 శ్రుతిలో (షడ్జం ఎంత ఎత్తులో ఉందో చెప్పే అంకె అది) పాడేవాళ్లు ఇప్పుడు నాలుగున్నరకో 4కో దిగాలి. ఉదయం పది దాటాక, ఒక గ్లాసు గోరువెచ్చటి నీళ్లు తాగి, తంబుర యాప్ పెట్టుకుని పాట మొత్తం వరసగా రెండుసార్లు పాడి చూడండి. రెండోసారి చివరి చరణంలో పైస్వరం గొంతు బిగపట్టకుండా అందితే అదే మీ శ్రుతి. ఒక్కసారి పాడి నిర్ణయించుకోవడమే ఇక్కడ జరిగే పొరపాటు. రికార్డింగ్ రోజు మూడో టేక్‌కి గొంతు ఎక్కడుంటుందన్నది చూసుకోవాలి.

రాగం విషయంలో మనవాళ్లు దారి వేసే ఉంచారు. లాలిపాటలకి నవరోజు, కురంజి ఎక్కువ వాడటం వెనక ఒక సౌకర్యం ఉంది. నవరోజు మంద్ర (కింది స్థాయి) పంచమం నుంచి మధ్యస్థాయి పంచమం దాకానే నడుస్తుంది. దాన్ని మధ్యమ శ్రుతిలో, అంటే మీ మామూలు మధ్యమాన్ని షడ్జంగా తీసుకుని పాడతారు కాబట్టి, పాటంతా మీ షడ్జం నుంచి పై షడ్జం దాకా ఒక్క స్థాయిలో ఇమిడిపోతుంది. కురంజి అదే పద్ధతిలో ఇంకొక్క స్వరం పైకి, మీ తారస్థాయి రిషభం దాకా వెళ్తుంది. తంబుర యాప్‌లో పంచమం తీగని మధ్యమానికి మార్చడం మరవొద్దు, లేకపోతే పాట ఎక్కడా కుదురుకోదు. నీలాంబరి, ఆనందభైరవి మరింత విస్తారం ఉన్న రాగాలు. వాటిని మూడో నెల దాటాక చివరి జోలకి ఉంచుకోండి. ఏ పాటలోనైనా ఒక్క ఊపిరికి పాడాల్సిన పాదం ఆరేడు సెకన్లు దాటకుండా విడగొట్టుకోండి. పాదం మధ్యలో ఊపిరి తీస్తే మాట విరుగుతుంది.

వేగం ఉయ్యాలలోనే ఉంది

మెట్రోనోమ్ (లయకి టిక్కుటిక్కుమనే పరికరం) మీద అంకె ఊహించి పెట్టుకోవద్దు. ఉయ్యాల లోలకంలాంటిది. అది ఎంతసేపటికి ఒకసారి వెళ్లి వస్తుందన్నది తాడు పొడవు మీద ఆధారపడుతుంది, బిడ్డ బరువు మీద కాదు. దూలం కొక్కెం నుంచి బిడ్డ బొడ్డు దాకా టేపుతో కొలవండి. మీటర్లలో వచ్చిన అంకెకి వర్గమూలం తీసి రెండుతో హెచ్చిస్తే, ఒకసారి వెళ్లి రావడానికి పట్టే సెకన్లు వస్తాయి. పొడవు 1 మీటరైతే 2 సెకన్లు, 1.5 అయితే సుమారు 2.45, 2 అయితే 2.8, పెంకుటింటి ఎత్తు దూలానికి 2.5 మీటర్లు కడితే దాదాపు 3.2.

వెళ్లడం ఒక దెబ్బ, రావడం ఒక దెబ్బ అనుకోండి. మీటరు ఉయ్యాలకి నిమిషానికి 60 దెబ్బలు, ఒకటిన్నర మీటర్లకి 49, రెండు మీటర్లకి 42, రెండున్నరకి 38. ఒక్కో దెబ్బకి మూడు అక్షరాలు పడేలా తిశ్రగతిలో నడిపితే ఊపు పాటలోకి దానంతటదే వస్తుంది. పాడేటప్పుడు చెవిలో మోగే లయ దెబ్బలు, అంటే క్లిక్ ట్రాక్, మూడు అక్షరాలకీ మోగాలంటే 49ని మూడుతో హెచ్చించి 147 పెట్టుకోవాలి. కొనుక్కొచ్చిన స్టాండు ఊయలలు పొట్టివి, సుమారు 45 సెంటీమీటర్లు. వాటికి ఒక వైపు ఊపు నిమిషానికి 89 అవుతుంది, జోలకి అది పరుగే. అలాంటిదానికి వెళ్లిరావడం మొత్తాన్ని ఒక్క దెబ్బగా తీసుకుంటే 45కి దిగుతుంది.

ఇంట్లో వినేటప్పుడు ఈ లెక్క ఫలితం తెలుస్తుంది. పాట ఉయ్యాల కంటే పది పదిహేను దెబ్బలు వేగంగా ఉంటే ఊపే చెయ్యి తెలియకుండానే తోసేస్తుంది, ఉయ్యాల కుదుపుతుంది, బిడ్డ ఉలిక్కిపడుతుంది. మీ ఉయ్యాలకి కట్టిన వేగం ఇంకో ఇంటి ఉయ్యాలకి సరిగ్గా సరిపోకపోవచ్చు. 40 నుంచి 50 మధ్య ఉంచితే మన ఇళ్లలో కట్టే చీర ఉయ్యాలలకి చాలావరకు కుదురుతుంది.

పాలకీ పాలకీ మధ్య

మూడు నెలల్లోపు బిడ్డ రెండు మూడు గంటలకోసారి పాలకి లేస్తుంది. పాలిచ్చి, భుజాన వేసుకుని తేన్పు తెప్పించి, పడుకోబెట్టాక మీకు నికరంగా దొరికేది నలభై నిమిషాలు. అందులో పాట రికార్డింగ్ ఇరవై అయిదే. మిగిలింది నీళ్లు తాగడానికి, గొంతు సవరించుకోవడానికి, చివర ఫైళ్లకి పేర్లు పెట్టడానికి పోతుంది. రోజుకి ఒక పాట, పాటకి మూడు టేకులు. నాలుగోది మొదలుపెట్టొద్దు, అది ఎప్పుడూ మొదటి మూడింటి కంటే కిందనే ఉంటుంది. ఒక్కో పాటకి మూడు రోజులు కేటాయిస్తే ఏడు పాటలకి 21 రోజులు. మధ్యలో టీకా రోజు, దాని మర్నాడు ఖాళీగా వదిలేయండి. బిడ్డకి జ్వరం వస్తే ఆ వారమే మరిచిపోండి.

మైకు, కేబుళ్లు, స్టాండు ఉదయమే అమర్చి ఉండాలి. బిడ్డ పడుకున్నాక అమర్చడం మొదలుపెడితే ఆ పూట అంతే. ఎవరో ఒకరు బిడ్డ దగ్గర కూర్చోవాలి. ఏడుపు వినబడగానే రికార్డింగ్ ఆపేయాలి. పాల మీద ధ్యాస ఉన్న తల్లి గొంతులో ఆ తొందర మైకుకి దొరికిపోతుంది.

డెల్టాలో చప్పుళ్ల గడియారం

సార్వా (తొలకరి వరి) కోతలు నవంబరు, డిసెంబరుల్లో, దాళ్వా (రెండో పంట వరి) కోతలు ఏప్రిల్‌లో. ఆ రోజుల్లో కోత మిషన్లు, ధాన్యం లారీలు. ధనుర్మాసంలో, డిసెంబరు మధ్యనుంచి సంక్రాంతి దాకా, తెల్లారకముందే గుడి మైకులు. వానాకాలం రాత్రుళ్లు కప్పలు, పెంకుల మీద చినుకులు. భీమవరం చుట్టుపక్కల చెరువుల మధ్య ఇల్లయితే రాత్రి రికార్డింగ్ ఆశ వదులుకోండి. నీళ్లలో ఆక్సిజన్ రాత్రిపూటే పడిపోతుంది కాబట్టి రొయ్యల చెరువుల ఏరియేటర్లు (నీళ్లలోకి గాలి కలిపే యంత్రాలు) తెల్లారేదాకా తిరుగుతూనే ఉంటాయి, ఆ కింది స్థాయి హోరు గోడల్లోంచి కూడా వస్తుంది. కొబ్బరితోటలో ఇల్లయితే మధ్యాహ్నం మూడు దాటాక లేచే గాలికి మట్టల గలగల. ఇవన్నీ తీసేస్తే మిగిలే మంచి వేళలు రెండు: ఉదయం పదిన్నర నుంచి పన్నెండు, భోజనాలయ్యాక రెండు నుంచి మూడు. ఫ్యాన్ లేకుండా గంట కూర్చోగలిగే నెలలు డిసెంబరు నుంచి ఫిబ్రవరి.

ఇంట్లో చప్పుళ్లు మీ చేతిలో పని. ఫ్యాన్ ఆపాలి, ఫ్రిజ్ ప్లగ్ తీయాలి. తీసినప్పుడు బండి తాళంచెవి ఫ్రిజ్‌లో పెట్టండి, మళ్లీ ఆన్ చేయడం మరిచిపోరు. కరెంటు పోయి ఇన్వర్టర్ మీద నడుస్తుంటే రికార్డింగ్‌లో సన్నటి గుర్రుమనే శబ్దం పడుతుంది. ల్యాప్‌టాప్ చార్జర్ తీసేసి బ్యాటరీ మీద నడిపితే చాలావరకు పోతుంది.

గది, మైకు

గది చిన్నదై, మంచం, పరుపు, బట్టల బీరువా ఉంటే మేలు. గచ్చునేల, ఖాళీ గోడలున్న హాలు వద్దు, గొంతు డబ్బాలోంచి వచ్చినట్టు ఉంటుంది. మన దగ్గర కొబ్బరిపీచు పరుపులు ఎక్కడైనా దొరుకుతాయి. రెండింటిని పాడే మనిషి వెనకా, పక్కా నిలబెడితే గోడ ప్రతిధ్వని బాగా అణుగుతుంది. మైకు ముందున్న దాన్ని వినేదే గాని వెనకున్నదాన్ని అంతగా వినదు, కాబట్టి పరుపులు మైకు వెనక కంటే మనిషి వెనక పెట్టడమే ముఖ్యం. పీచు చెమ్మ పీల్చుకుంటే బూజు పడుతుంది, పసిబిడ్డ ఇంట్లో అది మంచిది కాదు. వారానికోసారి ఎండలో వేయండి.

మైకుని ల్యాప్‌టాప్‌కి కలిపే, రెండు ఇన్‌పుట్‌ల యూఎస్‌బీ ఆడియో ఇంటర్‌ఫేస్ ఒకటి, మైకు ఒకటి, గొంతు గాలి ఆపే పాప్ ఫిల్టర్, చెవుల్ని పూర్తిగా మూసే హెడ్‌ఫోన్ ఉంటే చాలు. మైకు ఏ రకమన్నది ఇల్లు చెబుతుంది. స్లాబు ఇంట్లో, రోడ్డుకి దూరంగా ఉన్న గదిలో కండెన్సర్ మైకు తీసుకోండి. అది మెల్లగా పాడే లాలిని ఊపిరితో సహా పట్టుకుంటుంది, దానికి ఇంటర్‌ఫేస్ నుంచి కేబుల్ ద్వారా అందే 48 వోల్టుల కరెంటు, ఫాంటమ్ పవర్, కావాలి. పెంకుటిల్లు, రోడ్డు పక్క ఇల్లు అయితే డైనమిక్ మైకు నయం, చుట్టుపక్కల చప్పుడు తక్కువగా పడుతుంది. కాని మెల్లటి గొంతుకి దాని గెయిన్ (మైకు శబ్దాన్ని పెంచే మీట) బాగా పెంచాలి, చవక ఇంటర్‌ఫేస్‌లు అక్కడ బుస్సుమంటాయి. కొనేముందు ఆ రెండింటినీ కలిపి పరీక్షించుకోండి.

మైకుకి పెదాలకి మధ్య జానెడు దూరం, 15 నుంచి 20 సెంటీమీటర్లు. అంతకంటే దగ్గరైతే కింది స్వరాలు ఉబ్బుతాయి. మైకుని నోటికి సూటిగా కాక ఒక్క పిసరు పక్కకి తిప్పితే "ప", "భ" అక్షరాల గాలి తగలదు. సెట్టింగ్ 48 కిలోహెర్ట్జ్, 24 బిట్, వేవ్ ఫైలు. పాటలో గట్టిగా వచ్చే చోట శబ్ద స్థాయి చూపే మీటరు మైనస్ 12 డెసిబెల్స్ దగ్గర ఆగేలా గెయిన్ పెట్టి, ఇక కదపొద్దు. ఫోన్‌తోనే చేయాల్సి వస్తే, శబ్దం దానంతటదే పెంచి తగ్గించే సదుపాయాన్ని ఆపగలిగే రికార్డర్ యాప్ వాడండి. లేకపోతే పాదానికీ పాదానికీ మధ్య గది చప్పుడు ఉబ్బి పైకి వస్తుంది.

డెల్టా చెమ్మ కండెన్సర్ మైకుకి శత్రువు. పాట మధ్యలో చిటపటలు వినబడితే సాధారణంగా లోపల చెమ్మ పట్టిందనే అర్థం. గాలి చొరబడని స్టీలు డబ్బాలో, రంగు మారే సిలికా జెల్ పొట్లాలతో ఉంచండి. రంగు మారితే మూకుడులో సన్నసెగ మీద వేడిచేసి మళ్లీ వాడొచ్చు. ఇంకో సంగతి ఎవరూ చెప్పరు: పురిటి గదిలో సాంబ్రాణి పొగ. ఆ పొగ జిడ్డు మైకు పొర మీద పేరుకుంటుంది, గొంతూ గరగరలాడుతుంది. మైకు ఆ గదిలో ఉంచొద్దు. తలకి పోసుకుని పొగ వేసుకున్న పూట పాడొద్దు.

ఉయ్యాల కిర్రు, ఉగ్గుగిన్నె, గువ్వమాటలు

వాయిద్యాలు తక్కువ ఉండాలి. తంబుర, ఒక వీణ లేదా వేణువు, తాళానికి ఘటం మీద వేళ్లతో మెల్లగా, అంతే. ఇంటి శబ్దాలే మిగతా పని చేస్తాయి: ఉగ్గుగిన్నెకి చెంచా తగిలిన చప్పుడు, మొలతాడు మువ్వలు, గిలక్కాయ, రాగి గుండిగలో నీళ్లు. కొక్కెం కిర్రుమనే శబ్దం కావాలంటే రికార్డింగ్ అయ్యేదాకా నూనె వేయకండి. బిడ్డ లేని ఉయ్యాల ఊపకూడదని పెద్దలంటారు, ధ్వని పరంగా కూడా అది మంచి మాటే, ఎందుకంటే ఖాళీ ఉయ్యాల అంతగా కిర్రుమనదు. నాలుగైదు కిలోల బియ్యం మూట వేసి ఊపండి, బిడ్డ ఉన్నప్పటి శబ్దమే వస్తుంది. బిడ్డ ఉండగా ఉయ్యాల దగ్గర వైర్లు, మైకు స్టాండు ఎప్పుడూ ఉండకూడదు.

బిడ్డ గువ్వమాటలు, ఊ కొట్టడం రికార్డు చేయడానికి పాలు తాగిన అరగంట తర్వాత మంచి వేళ. మైకు మీటరు దూరంలో, గెయిన్ మామూలు కంటే తగ్గించి పెట్టండి. కేక పెడితే ఒక్కసారిగా స్థాయి దాటి పగులుతుంది. ఏడుపు కోసం బిడ్డని ఎప్పుడూ ఏడిపించొద్దు, ఏడుస్తుంటే రికార్డరు చూస్తూ కూర్చోవద్దు. వినే తల్లులకి కూడా ఏడుపు వినగానే గుండె గుభేలుమంటుంది.

కాలువ లాకుల నీటి చప్పుడు కావాలంటే నెల చూసుకోండి. దాళ్వా అయ్యాక కాలువలు కట్టేస్తారు, మళ్లీ జూన్‌లో ధవళేశ్వరం నుంచి నీళ్లు వదిలేదాకా అక్కడ బురద తప్ప ఏమీ ఉండదు.

వీణ, వేణువు వాళ్లని పిలిచేముందు మీ గొంతు మొత్తం పూర్తవ్వాలి. వాళ్లు హెడ్‌ఫోన్‌లో మీ పాట వింటూ వాయిస్తారు, బాలింత ఊపిరిని వాయిద్యం అనుసరించాలి గాని వాయిద్యం వెనక బాలింత పరిగెత్తకూడదు. పారితోషికం, ఆల్బంలో పేరు, రికార్డింగ్ మీద ఎవరికి ఏ హక్కు అన్నది ఒక్క కాగితం మీద రాసి ఇద్దరూ సంతకం పెట్టండి. తెలిసినవాళ్లే కదా అని వదిలేయొద్దు.

మిక్సింగ్

గొంతుకి 80 హెర్ట్జ్ కింద కోత పెడితే దూరపు మోటార్ల హోరు పోతుంది. "స", "శ" అక్షరాల ఈల 5 నుంచి 8 కిలోహెర్ట్జ్ మధ్య ఉంటుంది, ఆ ఈలని అణిచే డీఎస్సర్‌తో మూడు డెసిబెల్స్ తగ్గిస్తే చాలు. గట్టి చోట్లని అణిచి సమం చేసే కంప్రెషన్ 2:1, దాని మీటరు మూడు నాలుగు డెసిబెల్స్ మించి కదలొద్దు. రివర్బ్ (గది ప్రతిధ్వని) ఒక సెకను చుట్టుపక్కల, తక్కువగా. రివర్బ్ పెంచితే గుడి మండపంలో పాడినట్టుంటుంది, బిడ్డ పక్కన కూర్చున్న గొంతు దూరమైపోతుంది. ఊపిరి తీసిన శబ్దాలు అన్నీ తుడిచేయకండి, గట్టిగా ఉన్నవి సగానికి తగ్గించండి.

పాట మొదలు ఒక్కసారిగా రాకూడదు, మూడు నాలుగు సెకన్లలో తంబుర నెమ్మదిగా లేవాలి. పూర్తయిన మిక్స్‌ని ఫోన్ స్పీకరులో వినండి, ఇళ్లలో ఎక్కువమంది వినేది దాని మీదే. 200 హెర్ట్జ్ కింద ఉన్నది అందులో దాదాపు వినబడదు కాబట్టి తంబుర మాయమైతే దాని పైస్వరాలు కాస్త పెంచండి. చివరి స్థాయి మైనస్ 16 ఎల్‌యూఎఫ్ఎస్ (పాట మొత్తం మీద సగటు గట్టితనం కొలత), శిఖరం మైనస్ 1 డెసిబెల్ మించకుండా. సినిమా పాటల గట్టితనంతో పోటీ పడితే లాలి లాలిలా ఉండదు.

హక్కులు, విడుదల

మన కాపీరైట్ చట్టం ప్రకారం రచయిత చనిపోయాక 60 ఏళ్ల దాకా ఆ రచన మీద కాపీరైట్ ఉంటుంది. అన్నమయ్య సాహిత్యం ఎవరైనా పాడొచ్చు. కాని ఈనాడు మనం వింటున్న చాలా వరసలు 20వ శతాబ్దంలో కట్టినవి, వాటికి స్వరకర్త హక్కు ఉంటుంది. మాటలు తీసుకుని వరస మీరే కట్టుకోవడం క్షేమం. సినిమా బాణీలో జోల రాయడం ఎంత సరదాగా ఉన్నా ఆల్బంలో పెట్టొద్దు.

పంపిణీ సంస్థ ద్వారా పెట్టేటప్పుడు ప్రతి పాటకీ ఐఎస్ఆర్‌సీ సంఖ్య (ఆ రికార్డింగ్ గుర్తింపు), ఆల్బంకి ఒక యూపీసీ సంఖ్య (ఆల్బం బార్‌కోడ్) కావాలి, చాలా సంస్థలు వాటిని తామే ఇస్తాయి. ముఖచిత్రం 3000 పిక్సెళ్ల చతురస్రం. బిడ్డ ముఖం వేయొద్దు, ఉయ్యాల అంచు నుంచి కనబడే చెయ్యి చాలు. విడుదల తేదీకి నాలుగు వారాల ముందే ఎక్కించండి. పాట పేరు తెలుగులోనూ ఇంగ్లీషు అక్షరాల్లోనూ ఎక్కడైనా ఒకే స్పెల్లింగుతో ఉండాలి. "లాలి", "లాలీ" తేడాకే వెతికేవాళ్లకి దొరకకుండా పోతుంది. ఊళ్లో చుట్టాలకి వాట్సాప్‌లో పంపేటప్పుడు డాక్యుమెంట్‌గా పంపండి. అమ్మమ్మలకి పెన్‌డ్రైవ్‌లో 320 కేబీపీఎస్ ఎంపీ3 ఫైళ్లు, పేర్ల ముందు 01, 02 అని అంకెలు వేసి ఇవ్వండి, వరస తప్పదు. అసలు ఫైళ్లు రెండు డ్రైవుల్లో ఉంచి, ఒకటి పుట్టింట్లోనే వదిలి వెళ్లండి.

ఆల్బం వివరాల్లో ఒక వాక్యం తప్పక రాయండి: ఫోన్ ఉయ్యాలలో పెట్టొద్దు, బిడ్డకి ఇయర్‌ఫోన్లు పెట్టొద్దు, స్పీకరు కనీసం రెండు మీటర్ల దూరంలో, బిడ్డ దగ్గర 50 డెసిబెల్స్ మించకుండా ఉండాలి. అది పెద్దవాళ్లు మెల్లగా మాట్లాడుకునే స్థాయి. విడుదలకి ముందు చివరి పరీక్ష కూడా అలాగే చేయండి. రాత్రి, ఫ్యాన్ మూడో నంబరులో తిరుగుతుండగా, రెండు మీటర్ల అవతల ఫోన్‌లో ఏడో పాట పెట్టి ఉయ్యాల ఊపండి. మాటలు తెలిసి, చెయ్యి పాటతో పాటు కదిలితే ఫైలు పంపేయొచ్చు. మాటలు ఫ్యాన్ చప్పుడులో కలిసిపోతుంటే శబ్దం పెంచకుండా మిక్స్‌కి వెనక్కి వెళ్లి వీణని రెండు డెసిబెల్స్ తగ్గించండి.